లంచ్ టైంలో ఎవరూ మాట్లాడరు

సింగపూర్‌లో మా పేటలోని లైబ్రరీ గురించి నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. అక్కడి ఏసీ మనుషుల కోసం కాదనీ, పుస్తకాలు పాడవకుండా పెట్టారనీ నా అనుమానం. భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా కాపురం ఉంటూ, శనివారం మధ్యాహ్నం స్వెట్టరు తొడుక్కుని వెళ్ళాల్సిన చోటు టాంపినీస్ మొత్తంలో అదొక్కటే. ఆ రోజు స్వెట్టరు మర్చిపోయాను. మా అమ్మాయికి కింద పిల్లల విభాగంలో గంటన్నర క్లాసు. చలిగాలి తగలని మూల కోసం వెతుక్కుంటూ పై అంతస్తులో రెండు బీరువాల మధ్య ఒక చోటు కనిపెట్టాను. అది నాటకాల విభాగం. అక్కడికి గాలి రాదు. మనుషులూ రారు.

అలా, ఒంట్లో వేడి కాపాడుకునే ప్రయత్నంలో, ఒక అమెరికన్ నాటక రచయిత చేతిలో పడ్డాను.

ఆ పుస్తకమే ఎందుకు తీశానంటే, సన్నగా ఉంది. ముందుమాటలో ఆయన తన గురించి నాలుగు ముక్కలు రాసుకున్నాడు. తండ్రి గూడ్సు వ్యాగన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డరట. తనూ కొన్నేళ్ళు ట్రక్కుల్లో సరుకు ఎత్తి, నడుం పట్టేశాక కూర్చుని చేసే పని కోసం నాటకాలు రాయడం మొదలుపెట్టాడట. ఇంతకన్నా నిజాయితీగా సాహిత్యంలోకి వచ్చిన మనిషిని నేను చదవలేదు.

నాటకం ఆ ఫ్యాక్టరీలోనే జరుగుతుంది. మధ్యాహ్నం భోజన విరామం. ముగ్గురే మనుషులు: ఒక ముసలి వెల్డరు, ఒక పడుచు వెల్డరు, వాళ్ళ ఫోర్‌మన్. పడుచువాడు ఫోర్‌మన్‌కి స్వయానా బావమరిది. ఆ సాయంత్రం నుంచి బావమరిదికి ఉద్యోగం లేదని రాసి ఉన్న కాగితం ఫోర్‌మన్ జేబులో ఉంది. నలభై నిమిషాల్లో చెప్పాలి. ముప్ఫై ఎనిమిది నిమిషాలు వాళ్ళు చేపలు పట్టడం గురించీ, కారు బ్రేకుల గురించీ, అత్తగారి మోకాలి గురించీ మాట్లాడుకుంటారు. చివరికి ఫోర్‌మన్ రెండే రెండు ముక్కలు చెప్పి, వంగి బూటు లేసు కట్టుకుంటాడు. అంతే, తెర.

నాకు కొంచెం నచ్చింది. కొంచెం అంటే, క్లాసు అయిపోయి అరగంటయ్యాక మా అమ్మాయే నన్ను వెతుక్కుంటూ పైకొచ్చింది.

"నాన్నా, ఐ వెయిటెడ్ సో లాంగ్ లా! ఆర్ యూ క్రయింగ్, ఆ?"

"చలికి," అన్నాను.

ఆ వారంలో ఆయన రాసినవన్నీ తెచ్చుకుని చదివాను. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఒక నాటకం. టైర్ల కొట్టు నడిపే అన్నదమ్ముల మీద ఒకటి. అందులో రెండో అంకమంతా ఒకే టైరు మారుస్తారు. ఆయన పాత్రలు మాకు కష్టంగా ఉంది అని ఒక్కసారి కూడా అనవు. పార్కింగు దొరకలేదని అంటాయి. ఏడుపు వచ్చే చోట ఎవడో ఒకడు వంగి స్క్రూ బిగిస్తాడు. చదువుతుంటే నాకు ట్రైన్‌లో కూర్చోబుద్ధి కాలేదు, నిలబడి చదివాను. ఒకరోజు దిగాల్సిన స్టేషను దాటి మూడు స్టేషన్లు పోయాను. సింగపూర్‌లో అంతకుమించిన సాహసం నేనింతవరకూ చెయ్యలేదు.

మీరు అడగలేదు గానీ, కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను పరిషత్తు పోటీల్లో నటించినవాణ్ణి. రెండో ఏడాది నాకు మాటలు కూడా ఇచ్చారు. ఆ నమ్మకంతోనే ఆ మొదటి ఫ్యాక్టరీ నాటకం మొత్తం తెలుగులోకి మార్చి, మా తెలుగువాళ్ళ సంఘం పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనది తెనాలి వైపు. నలభై ఏళ్ళ కిందట సెంబవాంగ్ షిప్‌యార్డుకి డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఉగాది కార్యక్రమంలో ఎవరు ఎన్ని నిమిషాలు స్టేజి మీద ఉండాలో నిర్ణయించేది ఆయనే.

"అమెరికా నాటకమా? పద్యాలుంటాయా?"

"ఉండవండి."

"పోనీ పాట?"

"లేదండి."

"ఆడవేషాలు?"

"అత్తగారుందండి. కానీ రాదు. ఆవిడ మోకాలి గురించి మాట్లాడుకుంటారు."

పెద్దాయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "మరి ఏం జరుగుతుందయ్యా అందులో?"

"అన్నం తింటారండి."

"సరే. పిల్లల డాన్సులయ్యాక నలభై నిమిషాలు ఇస్తాను. జనం భోజనాలకి లేచే టైమే అది. సరిగ్గా నప్పుతుంది."

అనుమతి కోసం రచయితకి ఈమెయిల్ రాశాను. ఆయన ప్రతినిధి నుంచి ఆరు నెలలకి ఒక ఫారం వస్తుందనుకున్నాను. మర్నాడే ఆయనే జవాబిచ్చాడు, ఐదు వాక్యాల్లో. తెలుగు అనే భాష పేరు ఇప్పుడే విన్నాడట, సంతోషమట, ఆడుకోవచ్చట, ఒక్క షరతట. తన నాటకం ఎక్కడ ఆడినా, ఆ పని నిజంగా చేసే మనిషి ఒకరు మొత్తం రిహార్సల్ చూడాలి. ఇది సరిగా ఉంది అని నోటితో అనాలి. అనకపోతే ఆడకూడదు.

ఆ ఈమెయిల్ మా ఆవిడకి చదివి వినిపించాను. రెండుసార్లు. మూడోసారి మొదలుపెడుతుంటే ఆవిడ కుక్కర్ మూత పెట్టేసింది.

నటుల విషయంలో ఇబ్బంది రాలేదు. బావమరిదిగా కరీంనగర్ కుర్రవాడు ఒకడు దొరికాడు. బ్యాంకులో రిస్క్ లెక్కకట్టే ఉద్యోగం. ముసలి వెల్డరుగా కర్నూలాయన. ఏదో కంపెనీకి క్లౌడ్ చూసిపెడతాడు. ఫోర్‌మన్ ఎవరు వెయ్యాలన్న దాని మీద చాలా చర్చ జరిగింది. ఆ చర్చలో పాల్గొన్నది నేనొక్కణ్ణే. ముగ్గురం కలిసి మా జీవితాల్లో పట్టుకున్న అతి బరువైన పనిముట్టు ఐకియా బల్లతో పాటు వచ్చిన, స్క్రూలు తిప్పే అలెన్ కీ.

మా బ్లాక్ కింద వాయిడ్ డెక్‌లో, అంటే స్తంభాల మధ్య ఖాళీగా వదిలేసిన నేలమీద, సాయంత్రాలు రిహార్సల్ చేసేవాళ్ళం. మొదటి రోజే ఆరో అంతస్తు చైనీస్ ఆంటీ కిందికి దిగివచ్చి మా మధ్య నిలబడింది. "డోంట్ క్వారెల్ లా. ఫ్యామిలీ, వాట్," అని కరీంనగర్ కుర్రవాడి భుజం తట్టింది. అర్థమయ్యేలా ఆడుతున్నామని మాకు ధైర్యం వచ్చింది.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. చివర రెండు ముక్కలు చెప్పి బూటు లేసు కట్టుకుంటే, నాటకం అయిపోయిందని మనవాళ్ళకి తెలియదేమోనని నా భయం. చప్పట్లకి ఒక గుర్తు ఉండాలి కదా. అందుకని ఫోర్‌మన్ కోసం పేజీన్నర రాశాను. అందులో అతను తన బాల్యం, అక్కాచెల్లెళ్ళు, ఇనుము, అగ్ని, మనిషి గుండె వీటన్నిటినీ తలుచుకుని ఏడుస్తాడు. ఈ విషయం రచయితకి రాయడం మర్చిపోయాను. మూడుసార్లు మర్చిపోయాను.

"అన్నా, గిదేందే?" అన్నాడు కరీంనగర్ కుర్రవాడు పేజీ చూసి. "ఉద్యోగం పోయింది నాది. ఏడ్సేది నువ్వా?"

"అది పాత్ర స్వభావం, తమ్ముడూ."

"పాత్రదా, నీదా?"

ఇక మిగిలింది రిహార్సల్ చూసి సరే అనాల్సిన నిజం వెల్డరు. పెద్దాయననే అడిగాను, మీరు షిప్‌యార్డు మనిషే కదా, చూసి సరే అంటారా అని.

"నేను ఏసీలో కూచుని బొమ్మలు గీశానయ్యా. ఏ ఓడనీ చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. మన స్టేజికి వెనక ఫ్రేము కట్టే మనిషి లేడూ? ఆయన్నడుగు."

ఉన్నాడు. ఆరేళ్ళుగా ప్రతి ఉగాదికీ పొద్దున్నే వచ్చి, ఇనప గొట్టాలు బిగించి, తెర వేలాడగట్టి, సాయంత్రం మేం ఫొటోలు దిగే వేళకి కనిపించని మనిషి. ఆరేళ్ళలో నేనాయనతో అన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. కొంచెం ఎడమకి, అన్నాను.

ఆదివారం సెంబవాంగ్ వెళ్ళి స్టేషను దగ్గర కాఫీషాపులో కలిశాను. శ్రీకాకుళం జిల్లా. నలభై అయిదు దాటి ఉంటాయి. యార్డులో ఓడల అడుగు రేకులు అతికే పని. ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. కథ చెప్పాను, షరతు చెప్పాను.

"అంటే నాను బాగుందంటేనే ఆడతారా?"

"అవునండి."

"బాగునేదంటే?"

"ఆడమండి."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టి నవ్వాడు. "మా ఫోర్‌మేనుకి సెప్పాల ఈ మాట. ఇలాటి కాగితం ఆడికాడా ఒకటి ఉంటే బాగుణ్ణు."

పై ఆదివారం టాంపినీస్ వచ్చి, వాయిడ్ డెక్‌లో రాతి స్టూలు మీద కూర్చున్నాడు. మేం టిఫిన్ క్యారేజీలు విప్పి మొదలుపెట్టాం. చేపలు, బ్రేకులు, మోకాలు. పది నిమిషాలయ్యాక ఆయన చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లవాడిలాగా.

"ఓ మాట బాబూ. ఇదేటి, లంచ్ టైమా?"

"అవునండి."

"లంచ్ టైంలో ఎవుడు మాటాడతాడు?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"పొట్లం ఇప్పుతాం, తింతాం, అట్టముక్క పరుసుకొని తొంగుంటాం. నలభై నిమిసాలు నిద్దర. ఆ టైంలో ఎవుడైనా అత్తగారి మోకాలు గురించి ఎత్తితే బూటుచ్చుకు కొడతారు."

నాటకమంతా లంచ్ టైమే. కర్నూలాయన మెల్లిగా క్యారేజీ గిన్నె మూతపెట్టి, "అయితే పండుకుంటే సరిపాయె. డైలాగులు గూడా నేర్చుకునే పన్లేదు," అన్నాడు.

"మరి మీరు ఎక్కడ మాట్లాడుకుంటారండి?" అని అడిగాను.

"లారీలో."

ఆ ఒక్క మాటతో మా నాటకం లేచి కూర్చుంది. ఆయన స్టూలు మీంచి లేచి, నాలుగు కుర్చీలు లాగి, లారీ వెనక భాగం ఎలా ఉంటుందో చూపించాడు. పని దిగాక యార్డు నుంచి వాళ్ళుండే డార్మిటరీకి గంట ప్రయాణం. కేబిన్‌కి ఆనుకుని కూర్చునే చోటు సీనియర్‌ది. అక్కడ గాలి తక్కువ. మిగతావాళ్ళు అటూ ఇటూ. గాలి హోరులో మాటలు అరిచి చెప్పుకోవాలి.

"సిగ్నల్ పడితే మాత్రం మాటాడం."

"ఎందుకండి?"

"లారీ ఆగిపోద్ది గదా. పక్కన బస్సు ఆగుద్ది. అందులోంచి మనల్నే సూత్తుంటారు."

ఆ బస్సులో కూర్చునేది మేం ముగ్గురం. కరీంనగర్ కుర్రవాడు గొంతు సవరించుకున్నాడు.

"ఫోర్‌మన్ ఎక్కడ కూర్చుంటాడు?" అన్నాను.

"ముందల, డ్రైవరు పక్కన. ఏసీలో."

"మరి ఆయన బావమరిదితో మాట్లాడాలి కదండీ. ఆ రోజు వెనక్కొచ్చి కూర్చుంటే?"

ఆయన ఆలోచించాడు. "కూకోవచ్చు. కానీ ఫోర్‌మేను ఎనక్కెక్కాడంటే సాలు, అందరికీ తెలిసిపోద్ది. ఎవుడిదో టికెట్టు కోసేసారని. ఆడు నోరిప్పక్కర్నేదు."

నాకు ఒళ్ళు జలదరించింది. ఈసారి ఏసీ వల్ల కాదు. అంటే మొదటి నిమిషం నుంచీ ముగ్గురికీ తెలుసు! తెలిసే చేపల గురించి మాట్లాడతారు. తెలిసే మోకాలి గురించి అడుగుతారు. సిగ్నల్ పడ్డప్పుడల్లా మాట తెగుతుంది, ముగ్గురూ నేల చూస్తారు, పచ్చలైటు పడగానే మళ్ళీ బ్రేకులు. ఆ సాయంత్రమే నాలుగుసార్లు ఆడాం. కర్నూలాయన ముసలితనం కోసం తెచ్చిపెట్టుకున్న దగ్గు మానేశాడు. నేను లారీ ఎక్కడం చూడగానే బావమరిది తన పక్క చోటు చేత్తో తుడిచాడు. నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. మా ఆరో అంతస్తు ఆంటీ ఈసారి తగువు తీర్చడానికి రాలేదు. కుర్చీ తెచ్చుకుని వచ్చింది.

రచయితకి రాశాను: మీ భోజన విరామాన్ని మా లారీలోకి మార్చుకోవచ్చా అని. జవాబు: "నన్నెందుకు అడుగుతారు? నేనా లారీ ఎక్కలేదు. ఆయన్నడగండి."

ఆయన్నడిగితే, "ఆఁ, సూద్దాం," అన్నాడు. సరే అనలేదు. ఆ తర్వాత మూడు ఆదివారాలు వచ్చాడు. సెంబవాంగ్ నుంచి టాంపినీస్ అంటే సింగపూర్ లెక్కలో పొరుగూరు ప్రయాణం. వారానికి ఉన్న ఒక్క సెలవూ మాకే పెట్టాడు. సంఘం స్టోర్‌లోని స్టేజి ఫ్రేము గొట్టాలు తీయించి, రెండు ఇటు తిప్పి, ఒకటి అటు కోసి, లారీ కటకటాలు చేశాడు. పట్టుకుని ఊగితే నిజంగా ఊగుతుంది. హెల్మెట్ ఒళ్ళో ఎలా పెట్టుకోవాలో, అలిసిన చెయ్యి ఎక్కడ వేలాడుతుందో చూపించాడు. మాకు పట్టుబడే వరకూ వదల్లేదు. ప్రతిసారీ చివర్లో నేను ఆశగా చూసేవాణ్ణి. ఆయన, "సూద్దాం," అనేవాడు.

నా పేజీన్నర మాత్రం ఆయన ముందు ఎప్పుడూ చదవలేదు. టైం చాలలేదని చెప్పుకున్నాను. నిజానికి దాన్ని పూర్తి నాటకంలో, లైట్లతో, ఒక్కసారిగా ఆయన మీదికి వదలాలని నా కోరిక.

ఉగాదికి వారం ముందు, ఆదివారం మధ్యాహ్నం, హాల్లో ఆఖరి రిహార్సల్. కార్యక్రమ పత్రంలో మా నాటకం అచ్చయిపోయింది. పెద్దాయన మొదటి వరసలో కూర్చున్నారు. ఆయన వెనక మా ఆవిడ, అమ్మాయి, ఆరో అంతస్తు ఆంటీ. వెల్డరు ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. పిలిచినా ముందుకు రాలేదు.

అంత బాగా మేం ఎప్పుడూ ఆడలేదు. నేను లారీ వెనక్కెక్కగానే హాల్లో మాటలు ఆగిపోయాయి. మొదటి సిగ్నల్ దగ్గర ముగ్గురం నేల చూస్తుంటే, పైన ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. మోకాలి దగ్గర మా ఆవిడ నవ్వింది. నా మాటకి ఆవిడ నవ్వి చాలాకాలమైంది. మూడో సిగ్నల్ దాటాక బావమరిది నా వైపు తిరక్కుండానే, "రేపటి నుంచి నా జాగల ఎవరు కూసుంటరు బావా?" అన్నాడు. రాసిన మాటే. కానీ ఆ రోజు అది రాసిన మాటలాగా లేదు.

అప్పుడు నా వంతు. నిలబడ్డాను. కటకటాలు పట్టుకున్నాను. బాల్యం నుంచి మొదలుపెట్టాను. ఇనుము దగ్గర గొంతు వణికింది, అగ్ని దగ్గర నిజంగానే కన్నీళ్ళొచ్చాయి, గుండె దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళ మీద ఉన్నాను.

మొదటి వరసలోంచి పెద్దాయన లేచి నిలబడ్డారు. ఆయన పద్యనాటకాల కాలం మనిషి. హార్మోనియం పక్కన పెరిగినవారు. రెండు చేతులూ పైకెత్తి, "వన్స్ మోర్!" అని అరిచారు.

వినకూడదు. అది పద్యం కాదు, మధ్యలో ఆపకూడదు, లారీ ఇంకా ఎక్స్‌ప్రెస్‌వే మీదే ఉంది. కానీ జీవితంలో నాకు వన్స్ మోర్ పడడం అదే మొదటిసారి. కన్నీళ్ళు తుడుచుకుని, లేచి, కటకటాలు పట్టుకుని, మళ్ళీ బాల్యం నుంచి మొదలుపెట్టాను. రెండోసారి ఇంకాస్త బాగా ఏడ్చాను. ఉద్యోగం పోయిన బావమరిది పక్కన కూర్చుని నా వీపు నిమరవలసి వచ్చింది.

తెర పడింది. చప్పట్లు. ఆంటీ కళ్ళు ఒత్తుకుంటోంది. పెద్దాయన స్టేజి దాకా వచ్చి, "అబ్బాయ్, దీనికి ఇంకో పది నిమిషాలు ఇస్తానయ్యా," అన్నారు. నేను గాల్లో తేలుతున్నాను. కానీ మా ముగ్గురి కళ్ళూ ఆఖరి వరస మీదే ఉన్నాయి.

వెల్డరు నెమ్మదిగా నడిచి వచ్చాడు. ముందు కటకటాలు పట్టుకుని ఒకసారి ఊపి చూశాడు, నట్లు వదులయ్యాయేమోనని. బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. కర్నూలాయనకి తల ఊపాడు.

"ఎలా ఉందండీ?" అన్నాను. "సరిగా ఉందా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"పంతొమ్మిదేళ్ళయింది బాబూ నాను ఈ దేసం వొచ్చి. అంతసేపు ఏడిసిన ఫోర్‌మేన్ని ఎక్కడా సూడనేదు."